తలుపు తట్టిన అమ్మాయికి నీడ ఇవ్వాలంటే: మొదటి రాత్రి నుంచి సొంత గది దాకా

రాత్రి పదకొండింటికి ఎవరో తలుపు తడతారు. వచ్చింది పక్క వీధి అమ్మాయే కావచ్చు, మీ ఇంట్లో పని చేసే ఆవిడ కూతురు కావచ్చు, "మేడం, బస్టాండ్‌లో ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది" అని ఆటో డ్రైవర్ తీసుకొచ్చిన పిల్ల కావచ్చు. నేను ఒక జిల్లా కేంద్రంలో, హింస నుంచి బయటపడిన అమ్మాయిలు ఉండే చిన్న హోమ్‌లో కొన్నేళ్లు కేస్ వర్కర్‌గా పని చేశాను. ఇలాంటి రాత్రి ఏం చెయ్యాలో తెలియక కంగారు పడేవాళ్ల కోసమూ, హోమ్ పెడదామని, హోమ్‌లో పని చేద్దామని అనుకునేవాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. హింస పడిన అమ్మాయి విషయంలో ఎక్కడికెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అనేవన్నీ అప్పటిదాకా ఇంకొకరే తేల్చేశారు. మనం కూడా, జాలితోనే కావచ్చు, అన్నీ మనమే తేల్చేస్తే ఆ పిల్లకి ఇల్లు మారిందంతే. అందుకే మొదటి ప్రశ్న "ఏం జరిగింది?" కాకూడదు. "టీ తాగుతావా, పాలా?" అని అడగండి. నవ్వొచ్చేంత చిన్న ప్రశ్నే, కానీ చాలా రోజుల తర్వాత ఆమెని ఒకరు "నీకేం కావాలి" అని అడగడం అదే అయ్యుంటుంది.

మొదటి రాత్రి

కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, తలుపు కనిపించే చోటే కూర్చోనివ్వండి. ఓదార్పుగానే అయినా అడక్కుండా భుజం మీద చెయ్యి వెయ్యకండి. ఇంట్లో మగవాళ్లుంటే కాసేపు లోపలి గదిలోకి వెళ్లమనండి. ఒంటి మీద దెబ్బలున్నాయా, రక్తం పోతోందా, ఏదైనా మింగిందా అన్నది మాత్రం నేరుగా అడగాలి, అందులో మొహమాటం పనికిరాదు. వెంటనే ప్రమాదం ఉంటే 112. లేదంటే మహిళల హెల్ప్‌లైన్ 181, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లయితే 1098. ఈ మూడూ రాత్రీ పగలూ పనిచేస్తాయి.

లైంగిక దాడి జరిగిందని తెలిస్తే ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లల్లో ఎవరైనా మొదట చెప్పేది "ముందు తలారా స్నానం చెయ్యమ్మా" అనే. అక్కడే ఆధారాలు కొట్టుకుపోతాయి. అలాగని బలవంతంగా ఆపకూడదు. "ఇప్పుడు స్నానం చేస్తే డాక్టర్‌కి దొరకాల్సినవి పోవచ్చు, ఆసుపత్రి నుంచి వచ్చాక చేద్దామా?" అని చెప్పి, నిర్ణయం ఆమెకే వదలండి. విప్పిన బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమ్మకి పాడవుతాయి. ఒకవేళ అప్పటికే స్నానం చేసేసినా, రెండు రోజులు గడిచిపోయినా సరే, "ఇంకేం లాభంలే" అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఎందుకంటే ఆసుపత్రికి వెళ్లేది కేసు కోసం మాత్రమే కాదు. గర్భం రాకుండా వేసుకునే మాత్ర 72 గంటల లోపు పడాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎఫ్‌ఐఆర్ లేదని వైద్యం ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చెయ్యాలని చట్టం చెబుతోంది, చెయ్యకపోతే అదే నేరం. పోలీసులకి కబురు పంపడం ఆసుపత్రి వాళ్ల బాధ్యత, ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి, హఠాత్తుగా ఖాకీ బట్టలు కనిపిస్తే బెదిరిపోతుంది. పరీక్షకి ఆమె ఒప్పుకోవాలి. పరీక్ష వద్దన్నా వైద్యం ఆగకూడదు. ఒకప్పుడు యోనిలో వేళ్లు పెట్టి చేసిన ఆ 'రెండు వేళ్ల పరీక్ష' ఇప్పుడు ఎవరూ చెయ్యకూడదు, చేసినవాళ్లది దుష్ప్రవర్తన అవుతుందని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. గర్భం వచ్చి ఉంటే 2021లో సవరించిన చట్టం ప్రకారం అత్యాచార బాధితులకీ మైనర్లకీ 24 వారాల దాకా గర్భస్రావానికి వీలుంది. ఇక్కడ రోజులు లెక్కే, వాయిదా వెయ్యొద్దు.

జరిగిందంతా చెప్పమని మొదటి రాత్రే తవ్వకండి. పోలీసులకి, డాక్టర్‌కి, మేజిస్ట్రేట్‌కి, లాయర్‌కి, కోర్టుకి ఎలాగూ చెప్పాలి. ఆ లెక్కలో మీరూ ఒకరు కానక్కర్లేదు. తానే చెబితే వినండి, "మరి నువ్వెందుకెళ్లావు", "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అనే రెండు ప్రశ్నలూ నోట్లోనే మింగెయ్యండి. చెప్పిన మాటల్ని ఆ తర్వాత ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసి పెట్టుకుంటే మంచిది.

వయసు తేలాలి

పద్దెనిమిది నిండాయా లేదా అన్నదాన్ని బట్టి ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఆధార్, టెన్త్ మెమో, అంగన్‌వాడీ రికార్డు, ఏది దొరికితే అది చూడండి. ఏదీ లేకపోతే, అనుమానంగా ఉంటే, చిన్నపిల్లేనని అనుకుని నడవండి.

మైనర్ అయితే మంచి మనసుతోనైనా సరే మీ ఇంట్లో దాచుకోకండి. ప్రయాణానికి పట్టే సమయం కాక 24 గంటల లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఎక్కడ ఉంచాలన్నది తేల్చేది వాళ్లే, మీరు కాదు, నేనూ కాదు. లైంగిక హింస అని తెలిసి పోలీసులకి చెప్పకపోతే, పిల్లల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం కింద మన మీదే కేసవుతుంది. కాబట్టి ఆ పిల్ల "అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే వెయ్యకండి. నేనొకసారి వేశాను. మర్నాడు ఆ ఒట్టు తప్పాల్సి వచ్చింది, మూడు నెలలు ఆ పిల్ల నా మొహం చూడలేదు. "చెప్పాల్సిన వాళ్లకి చెప్పక తప్పదు, కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను, నువ్వు వెళ్లే ప్రతిచోటికీ నేనో ఇంకో అక్కో తోడొస్తాం" అనాలి. అది నిలబెట్టుకోగలిగే మాట. పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలం ఆమె ఉండే చోటే, వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి, రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. తెలిసి అడిగితే జరుగుతుంది, అడక్కపోతే చాలాచోట్ల జరగదు.

పద్దెనిమిది నిండితే అసలు మాట ఆమెదే. కేసు పెట్టాలా వద్దా, ఇంటికి వెళ్లాలా వద్దా, అమ్మకి ఫోన్ చెయ్యాలా వద్దా, అన్నీ. మన పని దారులన్నీ విప్పి చెప్పడం వరకే. ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అక్కడే రాసుకుని సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఇంట్లో భర్తో అత్తమామలో కన్నవాళ్లో కొడుతుంటే క్రిమినల్ కేసు ఇష్టం లేకపోయినా 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేట్ దగ్గర ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు. కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, ఖర్చులివ్వాలని, పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం తిరిగివ్వాలని కూడా అడగొచ్చు. లాయర్‌కి డబ్బుల్లేవన్న బెంగ అక్కర్లేదు, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయసహాయం ఉచితం, నంబర్ 15100.

ఒక జాగ్రత్త. మేజర్ అమ్మాయి మీ దగ్గరికొస్తే "నా ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా వచ్చాను" అని ఆమె చేత్తో రాయించి, తేదీ, సంతకం పెట్టించి ఒక కాపీ స్టేషన్‌లో ఇవ్వండి. లేకపోతే తెల్లారేసరికి పెద్దమనుషులు కారేసుకుని వస్తారు, మీరు ఎత్తుకొచ్చారని కంప్లైంట్ కూడా పడుతుంది. వాళ్లని గేటు దగ్గరే ఆపండి. "మా పిల్లని మాకు అప్పజెప్పండి" అంటే, "మాట్లాడాలని ఆమె అనుకుంటే మేమే కబురు చేస్తాం" అన్నది ఒక్కటే జవాబు. వాదన పెట్టుకుంటే రాత్రంతా అదే అవుతుంది.

ఎక్కడ ఉంచాలి

మీ ఇల్లు ఒక రాత్రికి సరిపోతుంది, నెలలకి సరిపోదు. ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంటుంది, వన్ స్టాప్ సెంటర్ అని కూడా అంటారు. 2015లో మొదలైన పథకం ఇది. వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరకాలన్నది దీని ఉద్దేశం, సాధారణంగా ఐదు రోజుల వరకు అక్కడే ఉండనిస్తారు. అంతకన్నా ఎక్కువ కాలం కావాలంటే శక్తి సదన్. పాత స్వధార్ గృహ్, మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల పథకాలు రెండూ కలిసి ఇప్పుడు ఈ పేరుతో నడుస్తున్నాయి, మూడేళ్ల దాకా ఉండే వీలుంది. తల్లితో పాటు పిల్లల్ని కూడా తీసుకుంటారు, మగపిల్లాడైతే వయసు పరిమితి ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వాకిట్లోకి వెళ్లాక తల్లినీ కొడుకునీ విడదీస్తామంటే ఆమె వెనక్కి, ఆ ఇంటికే పోతుంది. హైదరాబాద్‌లో 2016లో పోలీసు శాఖ పెట్టిన భరోసా కేంద్రం ఉంది, ఆ తర్వాత తెలంగాణలో వేరే జిల్లాలకీ విస్తరించింది. విజయవాడలో వాసవ్య మహిళా మండలి లాంటి పాత సంస్థలున్నాయి. మైనర్లకి సీడబ్ల్యూసీ చెప్పిన బాలసదనమో, రిజిస్టరైన హోమో.

సొంతంగా హోమ్ పెట్టాలనుకుంటే, పిల్లల్ని ఉంచేదైతే జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్కరోజు కూడా నడపకండి, అది జైలు దాకా తీసుకెళ్లే నేరం. ఇక ఇల్లు అద్దెకి దొరకడం అంటారా, అదో భారతం. ఎవరుంటారో చెబితే ఇవ్వరు, చెప్పకపోతే తర్వాత ఖాళీ చెయ్యమంటారు. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఇంట్లో వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు పని మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే వండి, నీళ్లు మోసింది. నూట నలభై ఏళ్లు దాటాయి, మా హోమ్‌కి పాలు పోసే అతను కూడా మూడో నెలలో మానేశాడు. మేమూ పొడి పాలతో లాగించాం.

హోమ్ జైలు కాకూడదంటే

భద్రత పేరుతో మనం చేసే తప్పులన్నీ ఇక్కడే. గేటుకి లోపల్నుంచి గడియ ఉండాలి, బయట్నుంచి తాళం కాదు. ఎవరొచ్చారో తెలియకుండా ఎవరూ లోపలికి రాకూడదు, కానీ లోపలున్న మేజర్ అమ్మాయి పోతానంటే ఆపే హక్కు మనకి లేదు. పోవద్దని బతిమాలొచ్చు, ఎక్కడికెళ్తుందో అడగొచ్చు, బస్సు ఛార్జీలిచ్చి మళ్లీ రావచ్చని చెప్పొచ్చు, అంతే. చాలామంది రెండుమూడుసార్లు వెళ్లి వస్తారు. అది మన మీద లెక్కలేనితనం అనుకోకండి, కొట్టే మనిషి మీద కూడా ప్రేమో భయమో ఒక పట్టాన వదలవు.

ఎవరి వస్తువులకి వాళ్ల ట్రంకు పెట్టె, దాని తాళం ఆ అమ్మాయి దగ్గరే. బాత్రూమ్‌కి లోపలి గడియ. రాత్రి వరండాలో లైటు ఆర్పకండి. కరెంటు బిల్లు గురించి ట్రస్టు వాళ్లు మాకు రెండుసార్లు లెటర్ రాశారు, ఆర్పలేదు. శానిటరీ ప్యాడ్లు వార్డెన్‌ని అడిగి తీసుకునేలా కాకుండా అల్మరాలో పెట్టండి. కూర ఏం వండాలో వంతులవారీగా పిల్లలే చెప్పాలి. తొమ్మిదో రోజుకి ఒకమ్మాయి "రేపు గోంగూర వండుకుందాం" అంది. వచ్చాక ఆ పిల్ల నోట్లోంచి 'రేపు' అనే మాట రావడం అదే మొదటిసారి.

ఫోన్ సంగతి. భర్తకో అన్నకో లొకేషన్ తెలిసిపోయేది ఎక్కువగా దీనితోనే. సిమ్ ఎవరి పేరున ఉందో, వాట్సాప్‌లో వేరే పరికరాలేమైనా లింకై ఉన్నాయో, గూగుల్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో పక్కన కూర్చుని ఆమె చేతే చూపించండి, ఆమె చేతే మార్పించండి. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టడం తేలికే, కానీ ఆమె పారిపోయి వచ్చిన ఇంట్లో కూడా అదే చేశారు కదా.

ఇంకోటి, దీని మీద నాకు కోపం ఆగదు. పుట్టినరోజుకి కేకు తెచ్చి, అమ్మాయిలందర్నీ వరసలో నిలబెట్టి ఫొటో దిగి స్టేటస్ పెట్టుకునే దాతలు. లైంగిక దాడి బాధితుల్ని గుర్తుపట్టేలా పేరు గానీ ఫొటో గానీ ఊరు గానీ బయటపెట్టడం నేరం. భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్, పిల్లలకైతే పోక్సోలో 23వ సెక్షన్. బియ్యం బస్తా ఇస్తానంటే థాంక్స్ చెప్పి గేటు దగ్గరే దింపించుకోండి, ఫొటో కావాలంటే బస్తాతో దిగమనండి.

హోమ్ నడిపేవాళ్లని కూడా ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ప్రభుత్వ నిధులతో నడిచిన బాలికల హోమ్‌లో పిల్లల మీద జరిగిన లైంగిక దాడులు, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) బృందం వెళ్లి సోషల్ ఆడిట్ చేసేదాకా, 2018 దాకా, బయటికి పొక్కలేదు. 2020లో నడిపినవాడికి యావజ్జీవం పడింది. కాబట్టి ఫిర్యాదుల పెట్టె తాళం వార్డెన్ దగ్గర ఉండకూడదు. బయటి మహిళ ఎవరైనా, టీచరో డాక్టరో, నెలకోసారి వచ్చి స్టాఫ్ ఎవరూ లేకుండా పిల్లలతో కూర్చోవాలి. రికార్డులన్నీ పక్కాగా ఉన్నాయంటే అంతా బాగుందని కాదు, రాయడం బాగా వచ్చినవాళ్లున్నారని.

మనసు నయం కావడం

రాత్రిళ్లే కష్టం. ఉలిక్కిపడి లేస్తారు, కొందరు పక్క తడుపుతారు, పదహారేళ్ల పిల్లలు కూడా. తిట్టకుండా, అందరికీ తెలియకుండా దుప్పటి మార్చండి. జరిగింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు వణికిపోతుంటే "మర్చిపో" అనకండి. కాళ్లు నేల మీద ఆనించమనండి, మొహం మీద చల్లటి నీళ్లు, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి, ఇది ఫలానా ఊరు, నేను ఫలానా అక్కని, తలుపు గడియ వేసి ఉంది అని నెమ్మదిగా చెబుతుండండి. చేతులు కోసుకోవడం, తిండి మానెయ్యడం, చచ్చిపోతాననడం కనిపిస్తే అది నాటకం కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రి ఎవరూ అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

కోపం వస్తే అది మీ మీదే చూపిస్తారు. కంచం విసిరేసిన పిల్లలున్నారు. ఇన్నాళ్లూ కోపం చూపిస్తే దెబ్బలు పడ్డాయి, ఇక్కడ పడవని తెలిసింది కాబట్టే విసురుతోంది. కంచం తీసి కడిగి పెట్టండి, సాయంత్రం మాట్లాడండి.

కేసు, డబ్బులు

కోర్టు ఏళ్లకేళ్లు నడవొచ్చు. పోక్సో కేసుల్లో పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టంలో ఉంది, మీ దగ్గర అలా జరక్కపోవచ్చు. సీడబ్ల్యూసీని అడిగితే సపోర్ట్ పర్సన్ అని ఒకరిని కేసు అయ్యేదాకా తోడు ఇస్తారు, తప్పక అడగండి. సాక్ష్యం ముందు రోజు ఖాళీ కోర్టు హాలు చూపించి తీసుకురండి, జడ్జి ఎక్కడ కూర్చుంటారో, తను ఎక్కడ నిలబడాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నిందితుడు ఆమెకి కనపడకుండా ఏర్పాటు చేయమని ముందే అడగాలి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. గుర్తున్నది చెప్పు, గుర్తులేకపోతే గుర్తులేదను, అర్థం కాకపోతే మళ్లీ అడగమను, ఈ మూడు చాలు.

వాయిదా దగ్గరపడే కొద్దీ మేనత్తలూ బాబాయిలూ యాపిల్ పళ్లు పట్టుకుని వస్తారు. "పరువు పోయింది చాలదా అమ్మా, రాజీ అయిపో, ఎకరం రాసిస్తాడట." పోక్సో కేసులో, అత్యాచారం కేసులో రాజీ కుదరదని వాళ్లకీ చెప్పండి, ఆమెకీ చెప్పండి.

పరిహారం జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి వస్తుంది. 2018 నాటి జాతీయ పథకం ప్రకారం అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం ముందే అడగొచ్చు. ఇందులో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, మైనరైతే 80 శాతం, పద్దెనిమిది నిండేదాకా. విసుక్కునేవాళ్లున్నారు కానీ నాకు ఇది మంచి నియమమే అనిపిస్తుంది, డబ్బు పడిన వారానికే పదేళ్లుగా పలకని నాన్నలు రావడం చూశాను. ఖాతా ఆమె పేరునే, ఏటీఎం కార్డూ పిన్నూ ఆమె దగ్గరే. ఎస్సీ ఎస్టీ అమ్మాయి మీద ఇతర కులంవాళ్లు దాడి చేస్తే అట్రాసిటీ చట్టం కింద సాయం వేరే ఉంటుంది, విడతలుగా ఇస్తారు, కలెక్టరేట్‌లో వెంటపడాలి.

చదువూ, పనీ

ఏ హోమ్‌కి వెళ్లినా మూలన ఆరు కుట్టుమిషన్లు ఉంటాయి, వాటిలో రెండు పనిచేస్తాయి. కుట్టుపని మీద నాకేం చిన్నచూపు లేదు, కానీ అందరికీ అదే ఎందుకు? హైదరాబాద్‌లో సునీతా కృష్ణన్ 1996లో మొదలుపెట్టిన ప్రజ్వల సంస్థలో అమ్మాయిలకి వెల్డింగ్, వడ్రంగం, బుక్ బైండింగ్ నేర్పించారు. ముందు ఆమెని అడగండి. "నీకేం వచ్చు" అని కాదు, "ఏం చేస్తుంటే నీకు టైం తెలియదు" అని. మా దగ్గర ఒకమ్మాయి బైక్ మెకానిక్ పని నేర్చుకుంటానంది. ఊళ్లో షెడ్డువాళ్లని ఒప్పించడానికి నెల పట్టింది.

మధ్యలో ఆగిన చదువుకి దారులు చాలానే ఉన్నాయి. బడి మానేసిన ఆడపిల్లలకి ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలు, ఉండటం తినటం అక్కడే. పెద్దవాళ్లకి రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ద్వారా టెన్త్, ఇంటర్. కొత్తదేం కాదిది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభలో చదువాగిన ఆడవాళ్లని తక్కువ కాలంలో మెట్రిక్‌కి తయారుచేసి పరీక్ష రాయించింది ఇందుకే. సర్టిఫికెట్లు ఆ ఇంట్లోనే ఉండిపోతే, ఇవ్వమని బతిమాలుతూ కూర్చోకుండా డూప్లికేట్‌కి అప్లై చేయించండి.

వెళ్లేటప్పుడు

"ఇక్కడే ఉండిపోతానక్కా" అంటే సంతోషపడకండి. బయట బతకడం మనం నేర్పలేదన్నమాట. ఆరు నెలల ముందు నుంచే ఆమె జీతంలో ఆమే పొదుపు చెయ్యాలి, బ్యాంకుకి ఒక్కతే వెళ్లాలి, అద్దె ఇళ్లు ఆమే చూసుకోవాలి, మనం తోడు మాత్రమే. హోమ్‌లో పద్దెనిమిది నిండిన పిల్లలకి చట్టంలో ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్ కేర్, అంటే హోమ్ వదిలాక అందే సాయం, ఉంది, పుట్టినరోజు వచ్చేసిందని మర్నాడే సంచి సర్ది పంపెయ్యకండి. తల్లిదండ్రుల దగ్గరికే వెళ్తానంటే, ఆ చేసినవాడు ఆ ఇంట్లో, ఆ వీధిలో ఇంకా ఉన్నాడేమో మీరు స్వయంగా వెళ్లి చూసి రండి. పెళ్లి చేసి పంపడాన్ని పునరావాసం అని రిపోర్టులో రాసేవాళ్లున్నారు. ఆమె కోరుకుంటే చేసుకుంటుంది, అది మన పథకం కాదు.

వెళ్లాక మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి ఫోన్ చెయ్యండి. పక్కన ఎవరైనా ఉంటే తెలిసేలా ఒక మాట ముందే అనుకోండి. మేము "చింతపండు ఉందా" అనుకున్నాం, ఉందంటే క్షేమం, అయిపోయిందంటే మేం బయల్దేరాలి. మొదటి ఏడాదిలో ఇద్దరికి అయిపోయింది, వెళ్లి తీసుకొచ్చాం. హోమ్ ఫోన్ నంబర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి. స్టాఫ్ మారతారు, ఇల్లు మారుతుంది, ట్రస్టు పేరు కూడా మారొచ్చు, ఆ సిమ్‌కి రీచార్జ్ చెయ్యడం ఎవరి పనో గోడ మీద పేరు రాసి పెట్టుకోండి.